వేయి కన్నుల కావలి

ఖమ్మము పట్టణమునుండి వైరా మీదుగా వచ్చు బాట తల్లాడ కూడలియొద్ద రెండుగా చీలును. ఒకటి సత్తుపల్లి, అశ్వారావుపేటల వైపు సాగి గోదావరి మైదానములకు దిగును. రెండవది జూలూరుపాడు, కొత్తగూడెము, పాల్వంచలను దాటి యడవుల నడుమనుండి భద్రాచల క్షేత్రమునకు బోవును. శ్రీరామనవమి వచ్చినను, ముక్కోటి యేకాదశి వచ్చినను ఈ రెండవ బాట యాత్రికులతో నిండిపోవుట మన మందఱ మెఱిగినదే. ఆ జనములో కూలివాడును నడచును, షావుకారును నడచును. ఎవ్వడే కులమువాడో, ఎవ్వడే పార్టీకి ఓటు వేసినవాడో అడుగువారు లేరు. గుంపులో కలిసిన మనిషికి పేరుండదు. ఆ పేరులేనితనములో నొక స్వేచ్ఛ గలదు. ఇంటియొద్ద నలుగురి కన్నులలో మెలగువాడు తిరునాళ్ళలో తన యిష్టము వచ్చిన చోటికి బోయి, తన యిష్టము వచ్చిన మాట వినివచ్చును. ఆ స్వేచ్ఛకు నేడు సంభవించిన యపాయమును గూర్చి ఈ వారము మా పాఠకులకు విన్నవింప దలచితిమి.

కూడళ్ళలో స్తంభములపై కెమెరాలు నిలుపుట యిప్పుడు క్రొత్తవింత కాదు. ఒక కెమెరా తన యెదుట నున్న జాగాను చూచునంతమాత్రమున మన మంతగా వెఱవ బని లేదు. అది గడపలో కూర్చున్న ముసలి కావలివానివంటిది. వీధిలో నెవరు పోవుచున్నారో చూచును, మలుపు తిరిగిన తరువాత వారెందు బోయిరో యెఱుగదు. కాని ఆ కెమెరాలన్నియు నొక్క కంప్యూటరునకు గట్టబడి, ఒక కన్ను విడిచిన మనిషిని మఱియొక కన్ను అందుకొని, ఊరి మొదటి నుండి చివఱ వఱకు వానిని వెంబడింప నేర్చినప్పుడు అది కావలి గాక వేరొక వస్తు వగును. ఈ వెంబడించు విద్య యెట్లు జరుగునో తెలిసికొనక దాని మంచిచెడ్డలు నిర్ణయించుట సాధ్యము కాదు గనుక, ముందుగా దానిని విప్పి చెప్పుదుము.

ఈ పనియందు నాలుగు మెట్లున్నవి. మొదటి మెట్టున యంత్రము ప్రతి చిత్రములోను మనుష్యాకృతులను గుర్తించి, ఒక్కొక్కరి చుట్టును గీటు గీచును. రెండవ మెట్టున, సెకనునకు ఇరువదియైదు చిత్రముల చొప్పున వచ్చునప్పుడు, ఒక చిత్రములోని మనిషియే తరువాతి చిత్రములో నెక్కడ నున్నాడో వాని నడక వేగమును బట్టి యూహించి ముడివేయును. వాడొక బండిచాటునకు బోయినను, పదిమంది వెనుక పడినను మరల కనబడగానే పాత ముడితో కలుపును. మూడవ మెట్టు కష్టమైనది. ఒక కెమెరాలో మాయమైన మనిషి మఱియొక కెమెరాలో తేలినప్పుడు వాడే వీడని పోల్చవలెను. అందుకై అంగీ రంగు, భుజమున సంచి, దేహపు కొలత, నడకతీరు మున్నగు వానినన్నిటిని అంకెల వరుసగా మార్చి, అంకెతో అంకెను సరిచూచును. ఆ రెండు స్తంభముల నడుమ దూరము నడుచుట కెంతసేపు పట్టునో కూడ లెక్కలోనికి తీసికొనును. ఇంతవఱకు ఆ మనిషి యంత్రమున కొక సంఖ్య మాత్రమే. నాలుగవ మెట్టున వాని ముఖమును ప్రభుత్వము దగ్గఱనున్న ఫొటోల భాండారముతో పోల్చి పేరు పెట్టును. అప్పటినుండి ఆ సంఖ్య ఫలానివాని కొడుకు ఫలానివా డగును. ఉదయ మెనిమిదింటికి బస్సు దిగినది మొదలు సాయంత్రము సభలో ముందువరుసను కూర్చున్నదాక వాని దినచర్య యంతయు ఒక దారమునకు గ్రుచ్చబడును. నాలుగవ మెట్టు నేడు ఎక్కకున్నను, మొదటి మూడు మెట్ల రికార్డు భద్రపఱచినచో ఏడాది తరువాత నైనను పేరు పెట్టవచ్చునని పాఠకులు గమనింపవలెను.

అడవి యంచున నున్న మనకు ఈ విద్య యొక విధముగా పరిచితమైనదే. పెద్దపులులను లెక్కించుటకు అడవులలో చెట్లకు కెమెరాలు గట్టుదురు. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరున నుండవు గనుక, ఒక వాగు దగ్గఱ కనబడిన పులియే పది మైళ్ళ యవతల కనబడినదని చారలను బట్టి తేల్చుదురు. 2018 నాటి లెక్కలో మన దేశమున 26,838 చోట్ల ఇట్టి కెమెరాలు నిలిపి, మూడున్నర కోట్ల దరిదాపుగా ఫొటోలు తీసిరి. పులికి దీనివలన మేలే కలిగినది. అయితే ఆ కెమెరాలే మనుష్యుల నెట్లు బాధించినవో వినుడు. ఉత్తరాఖండములోని కార్బెటు అడవులలో పులులకొఱకు కట్టిన కెమెరాలు కట్టెలకును గడ్డికిని వచ్చు స్త్రీలను కనిపెట్టుటకును బెదరించుటకును వాడబడుచున్నవని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధన యొకటి 2024లో వెల్లడించెను. ఇంటి కష్టములు మఱచి పాడుకొనుచు నడవికి బోవు స్త్రీలు కెమెరాలు వచ్చిన పిదప గొంతు తగ్గించుకొనిరట. పులులున్న యడవిలో గొంతు తగ్గించుట ప్రాణాపాయమని వేఱుగ చెప్పనేల? ఒక పనికి నిలిపిన కన్ను మఱియొక పనికి మరలుటకు శాసనము అక్కఱలేదు, సిబ్బంది బుద్ధి మాఱిన జాలును.

ఇట్లనుటచే కెమెరాలన్నియు పెఱికివేయు డని మేము చెప్పుచున్నామని యెవరును భ్రమపడకుందురుగాక. దొంగతనములు పట్టుబడుటకును, తప్పిపోయిన బిడ్డలు తల్లిని చేరుటకును, రాత్రివేళ బస్సు దిగిన యాడుబిడ్డకు ధైర్యము కలుగుటకును ఇవి తోడ్పడుచున్నమాట నిజము. జనసమ్మర్దమును కనిపెట్టుటలో వీని యుపయోగ మింకను గొప్పది. 2015 జూలై 14వ తేదీన గోదావరి పుష్కరముల మొదటిదినమున రాజమహేంద్రవరము పుష్కరఘట్టమునొద్ద తొక్కిసలాటలో ఇరువదియేడుగురికి తక్కువగాకుండ ప్రాణములు గోల్పోయిరి. 2025 జనవరి 8వ తేదీన తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకొఱకు నిలిచిన గుంపులో ఆర్గురు మరణించిరి. ఈ చావులు భక్తుల దోషమువలన గలిగినవి కావు. చదరపు మీటరు జాగాలో అయిదుగురికంటె నెక్కువ మంది చేరినప్పుడు మనిషి తన కాళ్ళపై తాను నిలువలేడు. గుంపు నీటివలె కదలి, ఒకచోటి త్రోపు ఏబది యడుగుల యవతల నున్నవానిని పడద్రోయునని జనసమ్మర్దమును పరిశోధించినవారు తెల్పుచున్నారు. క్రింద నిలిచిన పోలీసు జవానునకు నాలుగు తలలకు మించి కనబడదు. పైనున్న కెమెరాకు కనబడును. అది కనిపెట్టి వేళకు హెచ్చరించినచో ప్రాణములు నిలుచును.

అయితే ఇక్కడనే మా వాదమునకు కీలకమైన భేద మున్నది. గుంపు నెంత దట్టముగానున్నదో తెలిసికొనుటకు తలలు లెక్కించిన జాలును. ఆ తల లెవరివో తెలియ నక్కఱలేదు. ముఖములు పోల్చలేనంత మసక చిత్రముతో సైతము ఆ లెక్క సాగును. ద్వారమునొద్ద లోపలికి బోయినవారెందఱు, వెలుపలికి వచ్చినవారెందఱు అను సంఖ్య దానికి తోడైన పని పూర్తి యగును. మనిషిని కాపాడు విద్యకు మనిషి పేరుతో నిమిత్తము లేదు. పేరు కావలసినది మనిషిని వెంబడించు విద్యకు. ఈ రెండును ఒకే స్తంభముపై, ఒకే తీగెతో, ఒకే గదిలో నుండుటచేత మొదటిదాని పేరు చెప్పి రెండవదానిని మనచేత నొప్పించుచున్నారు. తిరుమలలో 2025 సెప్టెంబరున ప్రారంభించిన కమాండు కేంద్రమునకు క్యూలలోని జనమును అంచనా వేయుటయు, ముఖములను గుర్తించుటయు రెండును పనులుగా ప్రకటించిరి. మొదటిపని కెల్లరు చేతు లెత్తి నమస్కరింతురు. రెండవదాని కెవ్వరి యనుమతి దొరికెను? ఏ శాసనము ప్రకారము? ఎంతకాలము నిలువజేయుదురు? క్యూలో నిలిచిన భక్తునకు ఈ ప్రశ్న లడుగు హక్కు గలదు.

కన్నులు పెరిగిన మాత్రమున ప్రాణములు దక్కవను సంగతి ప్రయాగరాజున రుజువైనది. 2025 కుంభమేళాకు అక్కడ రెండువేల యేడువందలకు పైగా కెమెరాలు నిలిపి, వానిలో కొన్నింటికి కృత్రిమ మేధయు జోడించిరి. అయినను జనవరి 29వ తేదీ మౌని యమావాస్యనాడు జరిగిన తొక్కిసలాటలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే 30 మంది గతించిరి. గుంపు దట్టమైనదని యంత్రము చెప్పిన తరువాత ద్వారము తెఱచుటకును, దారి మరలించుటకును అధికారము గల మనిషి అక్కడ నుండవలెను. ఆ మనిషి లేనిచోట వేయి కన్నులున్నను నిష్ప్రయోజనము. మన పురాణములలో ఇంద్రునకు వేయి కన్నులున్నవి. అవి యాయనకు బిరుదుగా వచ్చినవి కావు, శాపఫలముగా వచ్చినవి.

ఇంక మన రాష్ట్రపు స్థితి చూతము. ఉమ్మడి రాష్ట్రమున 2013లో ప్రజాభద్రతా చర్యల చట్టము చేయబడినది. నూర్గురు గుమిగూడు ప్రతి దుకాణమును, ప్రతి సంస్థయు కెమెరాలు పెట్టి, ఆ చిత్రములను ముప్పది దినములు భద్రపఱచవలెనని దాని విధి. పిమ్మట ‘నేను సైతం’ అను పేర ప్రజల విరాళములతో కాలనీలలోను, పల్లెకూడళ్ళలోను కెమెరాలు నిలుపు పద్ధతి వ్యాపించెను. 2018లో తెలంగాణ పోలీసుల టి.ఎస్. కాప్ యాప్‌నకు ముఖమును పోల్చు శక్తి చేర్చిరి. 2020 జనవరిలో పురపాలక ఎన్నికలనాడు కొంపల్లిలోని పది పోలింగు కేంద్రములలో ఓటర్ల ముఖములను యంత్రముచే సరిచూచు ప్రయోగము జరిగెను. 2022 ఆగస్టు 4వ తేదీన హైదరాబాదు బంజారాహిల్సులో రాష్ట్రపు కెమెరాల నొక్కచోట జూచుటకై కమాండు కేంద్రమును ప్రారంభించిరి. ఈ మెట్లలో ఏ యొక్కటియు విడిగా చూచిన భయంకరము కాదు. ఒకదానిపై నొకటి పేర్చి చూచిన, కెమెరా పెట్టినవాడు దుకాణదారు, సొమ్మిచ్చినవాడు గ్రామస్థుడు, చూచువాడు మాత్రము ఎక్కడనో గదిలో కూర్చున్న పరాయివా డని తేలును.

ప్రజలు దీనిని మాటాడక యూరకుండలేదు. ఆమ్నెస్టీ సంస్థ 2021లో హైదరాబాదునందలి కాలాపత్తర్, కిషన్‌బాగ్ పేటలను కొలిపించగా, ఆ పేటల వైశాల్యములో సగమునకు పైగా కెమెరాల చూపులో నున్నదని తేలెను. ఆ సంవత్సరముననే మే నెలలో సామాజిక కార్యకర్త యగు ఎస్. క్యూ. మసూద్ గారిని పోలీసులు దారిలో నాపి, ముఖమునకున్న మాస్కు తీయుమని చెప్పి ఫొటో తీసికొనిరి. ఎందుకు తీసితిరి, ఏమి చేసితిరి అని యడిగిన నోటీసునకు ప్రత్యుత్తరము రాకపోగా ఆయన తెలంగాణ హైకోర్టు నాశ్రయించిరి. 2022 జనవరిలో న్యాయస్థానము ప్రభుత్వమునకు నోటీసులు పంపినది. ముఖమును వెదకు ఈ విద్యకు ఏ చట్టము ఆధారమని ఆ వ్యాజ్యములోని ప్రశ్న. అది ఆయన ఒక్కని ప్రశ్న గాదు, ఫొటో తీయబడిన ప్రతివాని ప్రశ్న.

న్యాయశాస్త్రమున ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగు అను నాతనిపై 1941లో దోపిడి నేరము మోపి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. అయినను పోలీసు లాతని పేర చరిత్రపట్టిక తెఱచి, ఇంటియొద్ద రహస్యముగా కాపు పెట్టుటయు, అర్ధరాత్రి తలుపు తట్టుటయు, ఎక్కడికి పోయినను చౌకీదారులచేత రాయించుటయు సాగించిరి. 1962లో సుప్రీముకోర్టునందు ఆర్గురు న్యాయమూర్తులు ఈ వ్యవహారమును విచారించిరి. రాత్రివేళ ఇంట జొచ్చుట చెల్లదని అందఱు నొప్పుకొనిరి. తక్కిన నిఘాలో దోషము లేదని అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. మన రాజమహేంద్రవరమున బుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు మాత్రము జస్టిస్ షా గారితో గూడి భిన్నాభిప్రాయము వ్రాసిరి. కాళ్ళకు సంకెల లేనంతమాత్రమున మనిషి స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు గాదనియు, వెనుక నొక కన్ను వెన్నంటుచున్నదని యెఱిగినవానికి దేశమంతయు చెఱసాలయే యనియు, అట్టి నిఘా మనస్సును బంధించుననియు వారి యభిప్రాయపు సారము. ఏబదియైదేండ్ల కాలము ఆ మాట యల్పసంఖ్యాకుల మాటగానే యుండెను. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి గారి వ్యాజ్యములో ఏకగ్రీవముగా, ఏకాంతము ప్రాథమికహక్కే యని నిర్ణయించుటతో సుబ్బారావు గారి మతము దేశపు ధర్మమైనది.

ఆ తీర్పు ప్రకారము ప్రభుత్వము ఏకాంతములో జోక్యము కలిగించుకొనవలెనన్న మూడు షరతులు నెఱవేర్చవలెను. అందుకొక చట్ట ముండవలెను. న్యాయమైన ప్రయోజన ముండవలెను. ఆ ప్రయోజనమునకు మించిన చేత యుండరాదు. ఖరక్ సింగు వెనుక నున్నవా డొక్క చౌకీదారు. వాడు నిద్రపోవును, జబ్బుపడును, దయదలచి చూడనట్లు ఊరకుండును. నేటి చౌకీదారునకు నిద్ర లేదు. అయినను ముఖములను పోల్చి గుంపులోని మనిషిని వెంబడించు పనికి హద్దు లేర్పఱచు ప్రత్యేకచట్టము పార్లమెంటు చేయలేదు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టము ఖైదీలయు, అరెస్టైనవారియు, మేజిస్ట్రేటు ఆజ్ఞాపించిన వారియు కొలతలను, ఫొటోలను తీయుటను గూర్చి చెప్పును. దారిన బోవువానిని గూర్చి గాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టమైనను, ప్రభుత్వపు సంస్థలకు మినహాయింపు నొసగు నధికారమును కేంద్రము చేతిలోనే యుంచినది. కంచె వేయవలసిన చోట ద్వారము పెట్టినట్లున్నది.

“తప్పు చేయనివానికి భయ మెందుకు?” అని యడుగువారు గలరు. ఈ ప్రశ్నకు మన చరిత్రయే సమాధానము చెప్పును. 1871లో చేయబడిన నేరస్థజాతుల చట్టము కొన్ని జాతులవారిని పుట్టుకతోనే దొంగలుగా పట్టికలకెక్కించెను. 1911 తరువాత అది మద్రాసు రాజధానికిని వచ్చినది. ఎఱుకలవారు మున్నగువారిని స్టూవర్టుపురము వంటి సెటిల్మెంట్లలో నుంచి, వేళప్రకారము హాజరు పలికించి, అనుమతిచీటి లేనిదే పొలిమేర దాటనీయక పోయిరి. వారిలో తప్పు చేసినవా డెవడని యెవరును విచారింపలేదు. పట్టికలో పేరుండుటయే తప్పయ్యెను. మద్రాసులో 1947నను, దేశమంతట 1952నను ఆ చట్టము రద్దయినది. ఆ పేరు తెచ్చిన మచ్చ తరతరములు వెన్నాడినది. నేడు యంత్రము పోల్చు ఫొటోల భాండారములో ముందుగా నెవరి ముఖములు చేరును? పోలీసు స్టేషను గడప తొక్కిన బీదల ముఖములే చేరును. పాత పట్టికయే క్రొత్త కన్నులు తెచ్చుకొన్నదను మాట.

మన ప్రాంతపు పెద్దల కింకొక జ్ఞాపకము గూడ నున్నది. నిజాము రాజ్యమున 1920వ దశకములో గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు వచ్చి, ముందుగా అనుమతి పొందనిదే సభ చేయరాదని శాసించినది. ఆ ఉత్తరువును ఆంధ్రోద్యమ నాయకులు బహిరంగముగా నిరసించిరి; ఎందుకనగా అది కంటికి కనబడు శత్రువు. కాగితముపై నున్నది, సంతకమున్నది, వాదించుట కవకాశమున్నది. గుంపులోని ముఖములను వ్రాసికొను యంత్రము సభ చేయవద్దని చెప్పదు. చేసికొమ్మనును. వచ్చినవారెవరో మాత్రము తెలిసికొనును. జీతపు పెంపు కొఱకు ధర్నాకు బోదలచిన చిన్నగుమాస్తాయు, పోడుభూమి పట్టా యడుగుటకు కలెక్టరు కచ్చేరికి ఊరేగింపుగా బోదలచిన యాదివాసియు ఒక్కసారి స్తంభము వంక చూచి, “మన కెందుకులే” యని వెనుకకు మరలిన, ఏ యుత్తరువు లేకయే సభ యాగిపోయినట్లే. తప్పు చేయనివాడే ముందుగా భయపడును. తప్పు చేయదలచినవాడు ముఖమునకు గుడ్డ గట్టుకొని వచ్చును.

యంత్రము పొరబడినప్పటి మాట వేఱు. 2023 మొదట మెదకు పట్టణమునకు జెందిన యొక కూలివానిని, సి.సి. కెమెరా చిత్రములోని గొలుసుదొంగతో పోలిక యున్నదను ననుమానముతో పోలీసులు పట్టుకొనిపోయిరి. దినముల తరబడి స్టేషనులో కొట్టిరని ఆతడు చెప్పెను; ఫిబ్రవరిలో ఆసుపత్రిలో మరణించెను. ఆ వ్యవహారమును హైకోర్టు తనంతట తాను విచారణకు స్వీకరించెను. అక్కడ పోలిక చూచినది యంత్రమా, మనిషి కన్నా యను విచికిత్స యట్లుండనిచ్చి, ‘పోలిక’ యను నొక్కమాట బీదవాని నెంతదూరము తీసికొనిపోగలదో ఆలోచింపుడు. ఢిల్లీ పోలీసులు నూటికి 80 పాళ్ళు పోలిక యున్నచో దానిని సరియైన గుర్తింపుగా పరిగణింతుమని 2022లో సమాచారహక్కు క్రింద తెల్పిరి. అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థ 2019లో పరీక్షించినప్పుడు, అనేక యంత్రములు తెల్లవారి ముఖములకంటె ఆసియా, ఆఫ్రికా ప్రజల ముఖములలో నెక్కువగా పొరబడుట కనబడినది. యంత్రములు నాటికంటె మెఱుగుపడినవను మాట నిజమే. అయినను లెక్క వేయుడు: వేయింట నొక్కసారి మాత్రమే పొరబడు యంత్రమును లక్షమంది చేరిన తిరునాళ్ళలో నిలిపిన, నూర్గురు నిర్దోషులు దొంగలుగా చూపబడుదురు. ఆ నూర్గురిలో వకీలును పెట్టుకొనగలవారెందఱు?

ఐరోపా దేశముల కూటమి 2024లో కృత్రిమ మేధకు చట్టము చేసి, బహిరంగస్థలములలో పోలీసులు అప్పటికప్పుడు ముఖములను పోల్చి మనుష్యులను గుర్తించుటను 2025 ఫిబ్రవరినుండి నిషేధించినది. తప్పిపోయినవారిని వెదకుట, ఘోరనేరములు, ఉగ్రవాదపు ముప్పు వంటి కొన్నిటికి మాత్రమే మినహాయింపు లిచ్చి, అందుకును న్యాయస్థానపు లేక స్వతంత్రాధికారి యనుమతి కావలెనన్నది. ఆ మినహాయింపులు వెడల్పైనవని యక్కడివారే విమర్శించుచున్నారు. మనకు విమర్శించుట కైనను ఒక చట్టము లేదు.

కావున మా కోరికలు స్పష్టముగా వ్రాయుచున్నాము. తిరునాళ్ళలోను, పుష్కరములలోను కెమెరాలు జనమును లెక్కించుటకు మాత్రమే వాడవలెను. ముఖములను పోల్చు యంత్రము వానికి తగిలింపరాదు. గుంపు దట్టమైన వార్త యందగానే ద్వారము తెఱచు నధికారము గల యుద్యోగి పేరును ముందుగానే ప్రకటింపవలెను. ఒక మనిషిని కెమెరానుండి కెమెరాకు వెంబడింపవలెనన్న, ఫలాని నేరమునకని, ఫలాని కాలమునకని మేజిస్ట్రేటు వ్రాతపూర్వకమైన యాజ్ఞ యుండవలెను. తప్పిపోయిన బిడ్డకొఱకైన తల్లిదండ్రుల కోరికయే చాలును. బిడ్డ దొరికిన వెంటనే ఆ రికార్డు చెఱపివేయవలెను. యంత్రపు పోలిక యొక్కటే యాధారముగా నెవ్వరిని అరెస్టు చేయరాదు. పోలింగు కేంద్రము, పఠనమందిరము, ఆసుపత్రి, ప్రార్థనాలయము, ధర్నాస్థలము, వీని వాకిళ్ళలో ముఖములను పోల్చుట పూర్తిగా నిషేధింపవలెను. ప్రతి స్తంభమునకు, ఈ కన్ను ఎవరిది, చిత్రము లెన్నిదినము లుంచుదురు, ఫిర్యాదు ఎవరికి చేయవలెనను వివరము తెలుగులో వ్రాసిన పలక తగిలింపవలెను. వీనినన్నిటిని శాసనసభ చట్టముగా చేయవలెను. పోలీసు సర్క్యులరుతో సరిపుచ్చరాదు.

పాఠకులలో విరాళములిచ్చి కెమెరాలు పెట్టించిన వర్తకులును, గ్రామపెద్దలును పలువురు గలరు. వారి సదుద్దేశమును మేము శంకింపము. అయితే గుడికి గంట యిచ్చిన దాత యది ఎవరు మ్రోగించుచున్నారో చూచుకొనునట్లే, కెమెరా యిచ్చిన దాతయు దానిని ఎవరు చూచుచున్నారో అడుగవలెను. వచ్చెడి గ్రామసభలో ఒక కాగితముపై నాలుగు ప్రశ్నలు వ్రాసి స్టేషను అధికారి కందజేయుడు: మా యూరి కెమెరాలెన్ని? వానిని చూచువారెవరు? చిత్రములెన్నాళ్ళు నిలుచును? ముఖములను పోల్చు యంత్రము వానికి గలదా? సమాధానము రానిచో సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుడు. ఇందుకు కావలసినది పది రూపాయల రుసుము, ఒక సాయంకాలపు తీరిక. న్యాయము తెలిసినవారు ప్రతి తాలూకా కేంద్రమునను గలరు. అర్జీ వ్రాసిపెట్టుటకు రుసుము పుచ్చుకొనరాదని వారిని మేము ప్రార్థించుచున్నాము.

2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. తల్లాడ కూడలినుండి భద్రాచలము వఱకు ఈ బాట మనుష్యులతో నేరువలె పాఱును. ఆ జనములో నొక్కరును తొక్కిసలాటకు బలిగాకుండ తిరిగి యింటికి జేరవలెను. ఏ యొక్కరి రాకపోకలును ఎవని దస్త్రములోను చేరకుండవలెను. ఈ రెండును ఒక్కసారి సాధ్యములే. మొదటిది చేయుటకు ప్రభుత్వమునకు శక్తి గలదు. రెండవది చేయించుటకు మనము నోరు విప్పవలెను. కెమెరాలు వచ్చిన తరువాత పాటలు మానుకొన్న యడవి స్త్రీల గతి మన పట్టణములకు పట్టకముందే యా పని జరుగవలెను.